కాక

బయట ఏర్పేడు ఎండ నలభై మూడు.
ల్యాబులో బల్ల మీద ఇరవై మూడు.
చిప్పు మీద నాకు కావాల్సింది
అరవై రెండు పాయింటు నాలుగు,
అదీ వెంట్రుకలో పదో వంతున్న
ఒక్క రింగు చుట్టూ మాత్రమే.

అట్లాంటివి ఎనిమిది, వరసగా.
వాటిని ఒరుసుకుంటూ వెలుగు పోతా ఉంటుంది.
తనకు సరిపడే రంగొస్తే
రింగు దాన్ని లోపలికి పిలుచుకొని
వందలసార్లు తిప్పుతుంది.
కంటికి ఆనే రంగు కాదది.
తెర మీద ఒక గీత, గీతలో ఒక గుంట,
ఆ గుంటే దాని గొంతు.

గది ఒక్క డిగ్రీ మారితే గుంట జారిపోతుంది.
అందుకే రింగు రింగుకీ నెత్తిన
సన్నటి లోహపు తీగ, చిన్న పొయ్యి.
దానికి కాచడమే తెలుసు, చల్లార్చడం తెలీదు.
కాబట్టి ముందే కొంత కాచి పెట్టుకోవాలి,
తగ్గించడానికి కూడా చోటుండేట్టు.

ఈ ముక్క చదివినప్పుడు
నాకేమీ కొత్తగా అనిపించలేదు.
గిరింపేటలో మా పెదనాయన చెంగల్రాయుడు
చావింటి ముందర తాటాకుల మంటేసి
పలక కాస్తా కూర్చునేవాడు.
మార్గశిర మాసపు మంచుకి తెల్లారుజామున
తోలు సడలి గొంతు పడిపోయేది.
మళ్లీ మంట, మళ్లీ బొటనవేలితో అంచున ఒక తట్టు,
తల కొంచెం వంచి వినడం,
ఇంకొంచెం మంట.

అయితే సిలికాను తిరకాసుది.
కాకకు తోలు బిగిసి గొంతు లేస్తుంది,
ఇది కాచేకొద్దీ కిందికి దిగుతుంది.
ఫోనులో చెబితే నవ్వినాడు:
"అయితే అది వానకు తడిసిన పలకమ్మే."

మే నెలలో రుయా ఆసుపత్రికి వచ్చినాడు,
కంటి ఆపరేషను.
నాలుగు రోజులకు, ఎడమ కంటికి పచ్చ గుడ్డతో
బస్సు దిగి నా ల్యాబుకొచ్చినాడు.
నీలం ప్లాస్టిక్కు తొడుగులు కాళ్లకేసుకొని
వేలికొసంత చిప్పుని భూతద్దంలో చూసి,
"కనపడనిదాన్ని చూసేదానికి
ఒక కన్ను చాల్లే" అన్నాడు.

మూడు వారాలుగా మూడో రింగు నాతో పంతం పట్టింది.
దాన్ని సరిచేసి నాలుగోదాని దగ్గరికి పోతే
మూడోది జారేది.
దాన్ని పట్టుకుంటే నాలుగోది.
ప్రొఫెసరు గారు తీగలు మార్చమన్నారు.
మార్చినాను. జారింది.

పెదనాయన తెరకేసి కాసేపు చూసినాడు.
"మంట యాడుంది?"
చూపించినాను.
"పక్కనే ఇంకో మంటుందా?"
ఉందన్నాను.
"నాలుగు పలకలు ఒక మంట కాడ ఆనిస్తే
నడిమిదానికి అడక్కుండానే కాక తగల్తాది మేయ్.
దానికి కొంచెం తక్కువే పెట్టాల.
పక్కోళ్లు ఎంత ఇస్తారో చూసుకొని
మిగిలింది నువ్వియ్యి."

ఆ రాత్రి కూర్చున్నా.
ఒక్కో పొయ్యి వెలిగించి
మిగతా ఏడింటికీ ఎంతెంత కాక పోతుందో
అరవై నాలుగు అంకెలు రాసుకున్నా.
రెండు పది గంటలకు కరెంటు పోయింది.
ఏసీ ఆగింది, జనరేటరు దగ్గి లేచింది,
గుంటలన్నీ బెదిరిన మేకల్లాగా చెదిరినాయి.

మొదటినుంచి మొదలు.
ఊరికే నిలబెడితే
ఏ పక్కకు జారిందో రింగు చెప్పదు.
పొయ్యిని కాస్త వణికించాలి,
సెకనుకు వెయ్యిసార్లు,
ఆ వణుకుకి వెలుగు ఎట్లా పలుకుతుందో వినాలి.
అంచున బొటనవేలి తట్టు.

నాలుగు కావస్తుండగా
ఆరు గుంటలు వాటి చోట్లలో కూర్చున్నాయి.
నేరుగా పోయే దారిలో వెలుగు సున్నా దగ్గరికి పడింది.
ఇక్కడ కుదరడమంటే అదే,
ఆ దారి చీకటవడం.

పొద్దున ఫోను చేసినాడు.
"పలికినాయా?"
"పలికినాయి. వినపడవు గానీ."
కాసేపు ఏమీ అనలేదు.
వెనకాల కంటిచుక్కల మందు కోసం
పెద్దమ్మ కసురుతోంది.
"వినపడకపోతే కూలి ఎట్లిస్తారు మేయ్?"

ఏడోది ఇంకా మాట వినలేదు.
ఎనిమిదోది చివర్లో ఉంది, దానికి ఒకవైపే పొరుగు,
ఇంకొకవైపు అంతా చలి.